లోతునీటి చేపలు: ఎరయు, ఉపాయమును



ఊరిచెరువులో గాలము వేయుటకు అలవాటుపడిన వాడు నాగార్జునసాగరము వంటి జలాశయపు ఒడ్డున కూర్చుండి, దినమంతయు కాచి, వట్టిచేతులతో ఇల్లు చేరుట కద్దు. ఎర మంచిదే, గాలము వాడియైనదే. నీరెంత లోతైన చేపయు అంత లోతుననే యుండునని తలచుటయే లోపము. ఏ చేపకు ఏ ఎరను ఎంత లోతున వేయవలెనో నేడు మనవిచేసెదను.

మొదట చేప నోటిని చూడుడు. బొచ్చె నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలోను, నడిమినీటిలోను తేలియాడు సూక్ష్మజీవులను మేయును. శీలావతి నడిమినీటి చేప. ఎర్రమోసు నోరు క్రిందికి వంగియుండును. అది అడుగుబురదలోని కుళ్లిన ఆకును ఏరుకొని తినును. మూతికి నాలుగు మీసములు గల బంగారుతీగయు అడుగుననే మేయును. బొచ్చెకై అడుగున ఎర వేయుట చెట్టుమీది కాకికి నూతిలో మెతుకులు చల్లినట్లే.

ఇక నీటి స్వభావము. వేసవిలో పైనీరు వేడెక్కి, తేలికయై పైననే నిలుచును. చల్లని నీరు బరువై అడుగుననే యుండును. ఈ రెండును కలియనందున, అడుగున కుళ్లు పదార్థము మెండుగానున్న జలాశయములలో క్రిందినీటికి ప్రాణవాయువు కొరవడును. అచ్చట చేప నిలువదు. కావున నట్టనడుమ లోతును విడిచి, ఒడ్డు వాలుగా లోతునకు దిగు తావును వెదకవలెను. దారమునకు సీసపుగుండు కట్టి, మూరమూరకు ముడివేసి దించిచూచిన లోతు తెలియును.

సాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. అంతకుముందు అచ్చట పొలములును, వాగులును ఉండెను. మునిగిన వాగు ఒడ్డును, మునిగిన గట్టును చేపలు తిరుగు బాటలు. అవి ఎచ్చట నుండెనో మీ వంటి వృద్ధులే ఎరుగుదురు. ఆ ఆనవాళ్లను పిల్లవాండ్రకు చూపుడు.

వేయించిన తవుడును, వేరుసెనగచెక్క పొడిని బంకమన్నుతో కలిపి నిమ్మకాయలంత ఉండలు చేసి, రెండుమూడు దినములు ఒకే తావున, ఒకే వేళకు వేయుడు. పూటకు అయిదారు ఉండలు చాలును. ఎక్కువైనచో చేప కడుపు నిండి గాలమును ముట్టదు. మిగిలినది కుళ్లి నీటిని చెరచును. పిమ్మట ఎర్రమోసునకు, బంగారుతీగకు వానపామునో గోధుమపిండి ముద్దనో అడుగున నుంచవలెను. శీలావతికి సెనగపిండి ముద్దను నడిమినీట దించవలెను. బొచ్చెకు మెత్తని తవుడుముద్దను బెండు క్రింద మూడు నాలుగు మూరల లోతున వ్రేలాడదీయవలెను. గాలి ఏ ఒడ్డునకు కొట్టుచున్నదో ఆ ఒడ్డున కూర్చుండుడు; తేలియాడు మేత అచ్చటికే చేరును. తెల్లవారుజామును, ప్రొద్దుగ్రుంకు వేళయు అనుకూలములు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరకు చెప్పుచున్నాను. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలువనీట గుడ్లు పెట్టవు. తొలివరదలు వచ్చినప్పుడు పారునీటికి ఎదురీది పోయి పెట్టును. 1957లో హీరాలాల్ చౌధురిగారు మందు సూదులతో ఈ జాతి చేపలచే గుడ్లు పెట్టించిన పిదప పిల్లలను పెంపకపు తొట్లలో పుట్టించుట సాధ్యమైనది. అయినను వాగు మొగను కాచి నిండుచూలు చేపను పట్టినవాడు లక్షల గుడ్లను చంపినవాడగును. మందుగుండు పేల్చుటయు, నీట విషము కలుపుటయు 1897 నాటి చట్టమే నేరములుగా నిర్ణయించినది. చట్టము దూరమున నుండును. పెద్దవాని మాట ఊరిలోనే యుండును. మత్స్యశాఖవారి అనుమతి పొంది గాలము వేయుడనియు, వరద దినములలో వాగు మొగను విడువుడనియు మీరు చెప్పినచో యువకులు విందురు. అప్పుడు మీ మనుమలకును ఆ నీట చేప మిగులును.

సెలవు.