తెర వెలుగు తగ్గనిచో

నెల్లూరు సముద్రతీరమున వెలుగునకు కొదువ లేదు. తూర్పు ముఖమైన తీరమగుటచే మైపాడులోను, తుమ్మలపెంటలోను సూర్యుడు నీటినుండియే లేచినట్లుండును. కొంత ప్రొద్దెక్కునప్పటికి ఇసుకమీది కాంతికి కన్ను నిలువదు. అదే తీరమున, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతముల రొయ్యల చెరువుల గట్లమీద రాత్రివేళ లెక్కలు వ్రాసికొనువారి చుట్టును చీకటియే. ఇట్టి చోట పనిచేయు ల్యాప్‌టాప్ తెర పగలు హెచ్చుగను, రాత్రి తక్కువగను వెలుగవలెను. లేనిచో పగలు అక్షరము కనబడదు. రాత్రి కన్ను మండును.

లినక్స్ వేసికొన్న యంత్రములలో కొన్నిట ఈ వెలుగు మాట వినదు. మీట నొక్కినచో తెరపై గుర్తు కదలును, గీత పెరుగును, తగ్గును. వెలుగు మాత్రము ఉన్నచోటనే ఉండును. తెర పాడైనది, మార్చవలెనని చెప్పువారు ఉందురు. పాత యంత్రమును కొని, ఖర్చులేని లినక్సుతో చదువుకొను విద్యార్థికి అది వేలరూపాయల మాట. తెర నిజముగా చెడినదో లేదో ఇంటనే తేల్చుకొను విధమును ఈ ప్రసంగములో విన్నవింతుము.

సాధారణమైన ల్యాప్‌టాప్ తెర తానుగా వెలుగదు. దాని వెనుక చిన్న ఎల్.ఇ.డి. దీపముల వరుస ఉండును. చాల యంత్రములలో ఈ దీపములను సెకనులో వందల, వేల పర్యాయములు వెలిగించి ఆర్పుచుందురు. వెలిగియుండు కాలము పెరిగిన కాంతి పెరుగును, తరిగిన తరుగును. కంటికి ఆ ఆరుట తెలియదు. కావున తెర నిండుగా వెలుగుచు తగ్గకున్నచో దీపము చెడినదని తలంపరాదు. తగ్గుమను ఆజ్ఞ దానికి అందుటలేదన్నమాట.

ఆ ఆజ్ఞ ఎవరు ఈయవలెను? చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. యంత్రముతో పుట్టిన ఫర్మ్‌వేర్, ఏసీపీఐ అను నియమము ద్వారా వెలుగును మార్చుట ఒక మార్గము. యంత్రమును తయారుచేసిన కంపెనీ తన పద్ధతిలో మార్చుట రెండవది. బొమ్మను తెరకు పంపు గ్రాఫిక్స్ భాగమే నేరుగా మార్చుట మూడవది. ఒకే చేనికి మూడు తూములుండి, ఏది తెరచినచో నీరు వచ్చునో తెలియనట్లున్నది ఈ సంగతి. 2012లో విండోస్ 8 వచ్చిన పిమ్మట అనేక యంత్రములలో ఏసీపీఐ మార్గము సరిగా పనిచేయకపోయెను; లినక్సు అప్పటికి ఆ మార్గమునే నమ్ముకొనియుండెను. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 కెర్నెల్‌లో, హాన్స్ డి గోడే అను డచ్చి ఇంజనీరు చేసిన మార్పులచే, ఒక తెరకు ఒకే మార్గము కనబడు ఏర్పాటు జరిగినది.

ఇక పరీక్ష. లినక్సు ఈ వివరములను ఫైళ్ల రూపమున మన కంటికెదుటనే ఉంచును. సిస్ అను ఫోల్డరులో క్లాస్, దానిలో బ్యాక్‌లైట్ అను చోటు కలదు. అచట ఇంటెల్ బ్యాక్‌లైట్, ఏసీపీఐ వీడియో సున్న వంటి పేర్లు కనబడును. పేరు క్రింద మాక్స్ బ్రైట్‌నెస్ అను ఫైలులో గరిష్ఠసంఖ్య, బ్రైట్‌నెస్ అను ఫైలులో ఇప్పటి సంఖ్య ఉండును. గరిష్ఠము ఒక యంత్రమున 255 కావచ్చును, మరొకదాన వేలలో ఉండవచ్చును. దానిలో సగము సంఖ్యను, సుడో అధికారముతో, రెండవ ఫైలులో వ్రాయవలెను. సున్న వ్రాయరాదు, కొన్ని యంత్రములలో దీపము పూర్తిగా ఆరిపోవును.

ఫలితము మూడు విధములు. వెలుగు తగ్గినచో దీపమును, మార్గమును బాగున్నవి. లోపము మీటల అమరికలో ఉన్నది. బ్రైట్‌నెస్‌సీటీఎల్ అను చిన్న ప్రోగ్రామును మీటలకు తగిలించిన సాధారణముగా సరిపోవును. సంఖ్య మారియు వెలుగు మారనిచో తూము తప్పు. ఆ చోటు ఖాళీగా ఉన్నచో గ్రాఫిక్స్ డ్రైవరు సరిగా పనిచేయుచున్నదో లేదో ముందు చూడవలెను.

తూము తప్పినచో మొదట కెర్నెల్‌ను క్రొత్తదానికి మార్చి చూడవలెను. అప్పటికిని కుదరనిచో, యంత్రము లేచునపుడు కనబడు గ్రబ్ పట్టికలో ‘ఇ’ అను మీట నొక్కి, లినక్స్ అని మొదలగు పంక్తి చివర, ఏసీపీఐ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్ ఈక్వల్స్ నేటివ్ అని, ఆంగ్లాక్షరములలో నడుమ ఖాళీ విడువక చేర్చవలెను. ఇది ఆ ఒక్క పర్యాయమునకే చెల్లును. పనిచేయనిచో యంత్రమును తిరిగి ప్రారంభించిన తొలగిపోవును. నేటివ్‌తో కాకున్న వెండార్, అదియు కాకున్న వీడియో అని వ్రాసి చూడవచ్చును. ఫలించినదానినే ఈటీసీ, డిఫాల్ట్, గ్రబ్ అను ఫైలులో స్థిరపరుపవలెను. ఉబుంటులోను, డెబియన్‌లోను ఆ పిమ్మట అప్‌డేట్-గ్రబ్ అను ఆజ్ఞ నీయవలెను.

ఎక్స్‌రాండర్ అను ఆజ్ఞతో వెలుగు తగ్గించుకొనుడని కొందరు చెప్పుదురు. అది దీపమును తగ్గింపదు. బొమ్మను మాత్రము నలుపుచేయును. వెనుక దీపము నిండుగా వెలుగుచు బ్యాటరీని తినుచునే ఉండును. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన పెనుతుఫానును చూచిన తీరమిది. గాలివాన రాత్రి కరెంటు పోయినపుడు నిజముగా తగ్గిన దీపమే అక్కరకు వచ్చును.

1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన ఈ లినక్స్ తన లోపలి సంగతులను దాచదు. కనుకనే నెల్లూరు తీరపు విద్యార్థియైనను ఆ ఫైలును తెరచి చూడగలడు. తెర మార్చుటకు డబ్బు చెల్లించుటకు ముందు ఆ ఒక్క సంఖ్యను మార్చి చూడుడని మా మనవి.