రొమ్ము తెరువక చేయు శస్త్రచికిత్స

వైద్యశాలలో పనిచేయు మమ్మును ఊపిరితిత్తుల జబ్బులను గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఊపిరితిత్తిని కప్పుచు ఒక పొర, ప్రక్కటెముకల లోవైపున మరియొక పొర ఉన్నవి. ఈ రెంటి నడుమ నీరు గాని చీము గాని చేరినయెడల మనవారు “నెమ్ము చేరింది” అందురు.

1910లో స్టాక్‌హోమ్ నగరమందలి యాకోబియస్ అను వైద్యుడు సన్నని గొట్టమును రొమ్ములోనికి పంపి ఈ పొరలను కంటితో చూచిన సంగతి ప్రకటించెను. అప్పటికి క్షయకు మందు లేదు. పొరల మధ్య గాలి నింపి ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చెడివారు. పొరలు అంటుకొనియున్నచో ఆ గాలి నిండదు. ఆయన గొట్టము గుండనే ఆ అతుకులను కాల్చి విడదీసెను. మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరములో 1915 నుండి ఎందరో క్షయరోగులు చికిత్స పొందిరి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడి, క్షయకు మందులు వచ్చిన పిమ్మట ఆ గొట్టము పని తగ్గినది. 1990 తరువాత వీడియో కెమెరా తోడై అది మరల వాడుకలోనికి వచ్చినది.

ఇప్పుడు రోగికి మత్తిచ్చి, ఒక ఊపిరితిత్తితోనే శ్వాస నడిపించి, రెండవ వైపున రెండు మూడు చిన్న రంధ్రములు చేయుదురు. తెరమీద చూచుచు చీము కడిగి, పొరను ఒలిచి, అవసరమైన ముక్కను పరీక్షకు తీయుదురు. ప్రక్కటెముకలను ఎడముగా విప్పనక్కరలేదు గనుక నొప్పి తక్కువ. అయితే రక్తస్రావమైనను, అతుకులు మిక్కుటమైనను రొమ్ము తెరువవలసి రావచ్చును.

ఒక సంగతి దాచక చెప్పుచున్నాము. చీము పట్టిన ఒక యువకుని తల్లి, “గొట్టం వేస్తే బతకడంట కదయ్యా, మందులతోనే చూడండి” అని మమ్మును వేడుకొన్నది. మేమును గట్టిగా చెప్పలేక, మరికొన్ని దినములు చూతమంటిమి. అంతలో చీము గట్టిపడి, పొర తోలువలె బిగిసి ఊపిరితిత్తిని పట్టుకొన్నది. చిన్న రంధ్రములతో తీరవలసిన పనికి రొమ్మంతయు తెరువవలసి వచ్చినది. అతడు బ్రదికెను గాని, ఆ కోత నొప్పి చాలకాలము అతనిని విడువలేదు. ఆ ఆలస్యములో మా పాలు కలదు.

కనుక రెండు వారములు దాటిన దగ్గు, విడువని జ్వరము, ఊపిరి తీసినప్పుడు ప్రక్కలో పోటు ఉన్నయెడల ఆలస్యము చేయక చూపించుకొనుడి. ఆయాసము హెచ్చినచో ఒక్క దినమైనను ఆగవద్దు. క్షయ మందులను మధ్యలో మానకుడి. గొట్టము ప్రాణము తీయదు, ఊపిరికి చోటిచ్చును. ఇరుగుపొరుగువారికిని ఈ మాట చెప్పుదురని మా మనవి.