పంపు మార్చుటకు ముందు ఒత్తిడి కొలువవలెను

(కూచిపూడి ప్రాంత పంచాయతీ సభ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



కూచిపూడినుండి పామర్రు, ఉయ్యూరు మీదుగా విజయవాడ చేరుటకు గంటకు పైగా పట్టును. అంబులెన్సు సకాలమున అందనపుడు ప్రసవవేదన పడు స్త్రీకైనను, పాముకాటు తగిలిన రైతుకైనను గ్రామములోని అద్దె కారే దిక్కు. అది నడిదారిలో నిలిచిపోయినచో కలుగు నష్టము ధనముతో పూడునది కాదు. కావున ఇంధనపు పంపు సంగతి పంచాయతీ పెద్దలకును తెలిసియుండవలెనని మేము భావించుచున్నాము.

కాలువ శివారు పొలమునకు నీరందనిచో తూము చెడినదా, బోదెలో పూడిక పేరుకొన్నదా అని ముందుగా విచారింతుము. చూడకయే తూము మార్పింపము. కారు విషయమున మాత్రము తరచుగా ఇందుకు విరుద్ధముగా జరుగుచున్నది. ఇంజను ఆగినంతనే పంపును మార్చుదురు. లోపము వేరొకచోట ఉన్నచో సొమ్ము వ్యయమగును, కారు మరల ఆగును.

నేటి పెట్రోలు కార్లలో పెక్కింట విద్యుత్తుతో నడచు పంపు టాంకిలోనే మునిగియుండును. పూర్వపు కార్బురేటరు కార్లకు చదరపు అంగుళమునకు సుమారు 5 పౌనుల ఒత్తిడి చాలెడిది. ఇంజెక్షను కార్లలో పెక్కింటికి 40 మొదలు 60 పౌనుల వరకు కావలెను. ఏ కారునకు ఎంత అనునది దాని మరమ్మతు పుస్తకములో ఉండును.

ఉదయమున ఇంజను త్వరగా అందుకొనకపోవుట, బరువుతో వంతెన ఎక్కునపుడు శక్తి తగ్గుట, వేడెక్కిన పిదప ఆగి చల్లారినంతనే మరల నడచుట, ఇవి పంపు క్షీణించుటకు సూచనలు. అయినను సూచనలు నిదర్శనములు కావు. పరీక్ష క్రమముగా జరుగవలెను.

మొదట టాంకిలో పెట్రోలు ఉన్నదో లేదో చూడవలెను, ముల్లునే నమ్మరాదు. పిదప ఇంజను నడపక తాళము మాత్రము త్రిప్పి ఆలకింపవలెను. సామాన్యముగా వెనుకనుండి ఒకటి రెండు సెకనులు సన్నని రొద వచ్చును. రానిచో ఫ్యూజు, రిలే, తీగలు పరీక్షింపవలెను. పంపు వరకు కరెంటు చక్కగా వచ్చుచు, ఎర్తు సరిగానుండియు పంపు తిరుగనపుడే అది చెడినదని చెప్పవచ్చును.

రొద వినిపించినంత మాత్రమున పంపు మంచిదని తలపరాదు. అప్పుడు మెకానిక్కు గేజి తగిలించి చూడవలెను. గొట్టము విప్పుటకు ముందు అందలి ఒత్తిడిని తీసివేయవలెను. దాపున బీడీగాని దీపముగాని ఉండరాదు. ఇంజను నిలకడగా నడచునపుడు, వేగము పెంచినపుడు, ఆపిన పిదప, ఇట్లు మూడు పర్యాయములు అంకె వ్రాసికొనవలెను. వేగము పెంచినపుడు ఒత్తిడి పడిపోయినచో ఫిల్టరు పూడియుండవచ్చును, లేదా పంపు బలహీనపడియుండవచ్చును. ఫిల్టరు విడిగా ఉన్నచో ముందు దానినే చూడవలెను. ఆపిన వెంటనే ముల్లు జారిపోయినచో పంపులోని కవాటమో, రెగ్యులేటరో, ఇంజెక్టరో కారుచుండవచ్చును. మూడు అంకెలును సరిగనే ఉన్నచో లోపమును వేరొకచోట వెదకవలెను.

డీజిలు కార్లకు ఈ పద్ధతి పనికిరాదు. కామన్ రైలు ఇంజనులో ఒత్తిడి 15,000 పౌనులు మించగలదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. శిక్షణ పొందినవారు తప్ప ఇతరులు దానిని తాకరాదు.

టాంకిలోని పెట్రోలే పంపును చల్లబరచును. కావున ఎల్లవేళల అడుగంటిన టాంకితో కారు నడుపరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనములు మునిగినవి. పాత కారు కొనువారు టాంకిలో నీరు, తుప్పు ఉన్నవేమో పరీక్షింపించుకొనవలెను.

పంచాయతీలు చేయదగినది స్వల్పమే. గ్రామములోని అద్దె కార్ల యజమానులను సమావేశపరచి ఒక నియమము చేసికొనుడు: పంపు మార్చినచో మార్చుటకు ముందు, మార్చిన పిదప ఒత్తిడి ఎంత ఉన్నదో బిల్లుపై వ్రాయించుకొనవలెను. ఆ రెండు అంకెలు అడుగుట అలవాటైనచో యజమాని సొమ్మును, రోగి ప్రాణమును కూడ కాపాడినవారమగుదుము.