వాడు వద్దంటే ఎవరు వింటున్నారు?

ఈరోజు కోడింగ్ లేదు, జాబ్స్ లేవు. మా మేనల్లుడి గురించి మాట్లాడతాను. అక్కని అడిగే చెప్తున్నా. వాడిని కూడా అడిగాను, అదెలాగో చివర్లో చెప్తా.

వాడికి ఐదేళ్లు. ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. పోయినేడు హైదరాబాద్‌లోనే ఒక సెంటర్‌లో ఏబీఏ, అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ థెరపీలో చేర్పించారు. ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పిస్తారు. సరిగ్గా చేస్తే పిల్లాడికి ఇష్టమైనది ఇస్తారు, మళ్లీ చేయిస్తారు. చేరే రోజు అక్క, బావ ఆరు పేజీల ఫామ్ మీద సంతకాలు పెట్టారు. చదివారా అంటే... మనం యాప్‌లో 'ఐ అగ్రీ' నొక్కినట్టే.

నెల తిరక్కుండానే, ఆ వీధి మలుపు రాగానే వాడు ఆటోలో చెప్పులు విప్పి విసిరేయడం మొదలుపెట్టాడు. "తప్పించుకోవడానికి చేస్తున్నాడు, పట్టించుకోకండి, మానేస్తాడు" అన్నారు సెంటర్‌వాళ్లు. నిజంగానే మానేశాడు. సెట్ అయ్యాడు అనుకున్నాం. ఓ రోజు నేను తీసుకెళ్లి అద్దం తలుపులోంచి చూశా. వాడి చెయ్యి పట్టుకుని కర్రకి రింగులు వేయిస్తున్నారు. ఏడవట్లేదు. చెయ్యి వదిలేశాడు, బొమ్మ చెయ్యిలా. కళ్లు ఫ్యాన్ మీద ఉన్నాయి.

ఆ రాత్రి కూర్చుని చదివా. కన్సెంట్ అంటే పెద్దవాళ్ల సంతకం. అసెంట్ వేరు. సంతకం పెట్టలేని పిల్లాడు మాటతోనో చేష్టతోనో 'సరే' అని చూపించడం. పరిగెత్తుకొచ్చి కూర్చుంటే సరే. మొహం తిప్పేస్తే, తోసేస్తే వద్దు. పైగా అది ఒక్కసారి ఇచ్చేసేది కాదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఈ రంగంలో సర్టిఫికెట్లు ఇచ్చే అమెరికా బోర్డు బీఏసీబీ కూడా, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న తన ఎథిక్స్ కోడ్‌లో వీలున్నచోట అసెంట్ తీసుకోవాలని రాసింది.

మొదట్లో ఇలా లేదు. 1987లో లాస్ ఏంజెలిస్‌లో ఐవర్ లోవాస్ పేరు మోగిపోయిన పేపర్ ఒకటి వేశాడు. 19 మంది పిల్లలు, వారానికి 40 గంటలు. 9 మంది మామూలు క్లాసులో చదవగలిగారు. కానీ గట్టిగా 'నో' అని అరవడం, తొడ మీద చరవడం కూడా ఆ పద్ధతిలో భాగమే. చిన్నప్పుడు ఇలాంటి థెరపీ తీసుకున్న కొందరు పెద్దయ్యాక చెప్పేది ఒకటే: మాకు వినడం నేర్పారు, వద్దనడం మర్చిపోయాం. రేపు ఇంకెవడో మా వాడి చెయ్యి పట్టుకుంటే? అప్పుడూ చెయ్యి వదిలేసి ఫ్యాన్ చూస్తాడా?

ఇదంతా చెప్తే అక్కకి కోపం వచ్చింది. "వాడి ఇష్టం చూస్తే పళ్లే తోమడు రా! రోడ్డు మీదకి పరిగెడితే అదీ ఇష్టమేనా?" కరెక్టే. నా దగ్గర సమాధానం లేదు.

కొత్త చోట ఒక మేడమ్ దగ్గర దొరికింది. "రోడ్డు దగ్గర అడగం, చెయ్యి పట్టుకుంటాం. బ్రష్ విషయంలో ఏ రంగు, ఏ పేస్ట్ అనేది వాడిష్టం. మొదట పెదవికి ఆనిస్తాం, అంతే. తోసేస్తే ఆపుతాం. తప్పు మా ప్లాన్‌ది, వాడిది కాదు" అన్నారు. అన్నిటికన్నా ముందు నేర్పింది ఒక ఎర్ర కార్డు. ఇస్తే ఆపేయాలి. మొదటి వారం వాడు ఆ కార్డు తప్ప ఇంకేం వాడలేదు! బావకి డబ్బులు దండగ అనిపించింది. ఆపితే నిజంగా ఆగుతున్నారని తెలిశాక నెమ్మదిగా తగ్గింది. ఇప్పుడు బ్రష్ ముందు పళ్ల వరకు వచ్చింది. వెనక పళ్లు ఇంకా లేదు.

మీ ఇంట్లో ఎవరినైనా చేర్పిస్తుంటే రెండు అడగండి. లోపల కూర్చుని చూడొచ్చా? వాడు వద్దంటే మీరేం చేస్తారు? "అదే అలవాటైపోతుందండీ" అంటే లేచి వచ్చేయండి.

థంబ్‌నెయిల్‌లో వాడి ఫొటో లేదేంటి అంటారేమో. ఫోన్‌లో ఫొటో చూపించి, "ఇది పెట్టనా నాన్నా?" అని అడిగా. కాసేపు చూశాడు. వెళ్లి ఎర్ర కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు.