పంచాయతీ మెట్లు, వాలుబాట
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



నేడు నాకు ఒప్పగించిన విషయము వికలాంగులకు తోడ్పడు సాధనములు, వారు స్వేచ్ఛగా రాకపోకలు సాగించుటకు కావలసిన సదుపాయములు. ఈ రోజులలో ప్రభుత్వ పత్రములందు ‘దివ్యాంగులు’ అని వ్రాయుచున్నారు. మాట మార్చినంత మాత్రమున మెట్ల ఎత్తు తగ్గదు గనుక మెట్లను గురించియే మొదట మాటాడెదను.

నేను ఇంజనీరింగు ఉద్యోగము చేసి విరమించినవాడను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో పంచాయతీ కార్యాలయమునకు ర్యాంపు, అనగా వాలుబాట, కట్టించితిమి. నేలనుండి అరుగు ఎత్తు మూడు అడుగులు. వాలుబాట పొడవు పది అడుగులు. కొలతల పుస్తకములో వ్రాసినవాడను నేనే, బిల్లు సాగించినవాడను నేనే. ఫొటో తీయించి పై కార్యాలయమునకు పంపితిని.

తరువాతి గ్రామసభనాడు ఒక రైతు చేతితో త్రిప్పు మూడు చక్రముల బండిమీద వచ్చెను. పోలియో వలన చిన్ననాడే రెండు కాళ్ళును చచ్చుబడినవి. రెండు గేదెలను పెట్టుకొని పాలమీద సంసారము గడుపుకొనుచున్నాడు. బండి సగము వాలు ఎక్కి వెనుకకు జారెను. ఇద్దరు కుర్రవాండ్రు పట్టుకొనియుండనిచో తలక్రిందుగా పడెడివాడే. ఆయన ఎవరిని ఏమియు అనలేదు. బండి మరలించుకొని వేపచెట్టు నీడకు పోయెను. సభ లోపల జరిగినది. గుమాస్తా పుస్తకము తీసికొనిపోయి చెట్టుక్రిందనే సంతకము చేయించుకొని వచ్చెను. దస్త్రము చూచినవారికి ఆయన సభలో ఉన్నట్లే తోచును. నేను లోపల కుర్చీలో కూర్చుండి కిటికీలోనుండి ఇది అంతయు చూచితిని.

అయ్యా, లెక్క కష్టమైనది కాదు. ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవు కావలెను. మూడు అడుగుల అరుగునకు ముప్పదియారు అడుగులు. నేను కట్టించినది పది! అది వాలుబాట కాదు, పిల్లలు జారెడి బల్ల. స్థలము చాలనిచోట బాటను నడుమ మలుపు త్రిప్పి వెనుకకు తేవచ్చును. ఆ మలుపువద్ద ఐదు అడుగుల చదును ఉండవలెను, చేతులకు విశ్రాంతి కావలెను గదా. పైకి చేరినపిదప తలుపు ముందర కూడ అంతే చదును విడువవలెను. లేనిచో ఒక చేతితో తలుపు తీయుచు మరియొక చేతితో జారు బండిని ఆపుకొనవలసి వచ్చును. రెండు ప్రక్కలను చేతికమ్మి, గరుకు నేల, నికరముగా మూడు అడుగుల వెడల్పు గల వాకిలి. గడప వద్దు. ఇంకొక మాట: క్రొత్త భవనము కట్టునపుడు నీరు నిలువని చోట అరుగును అంత ఎత్తు లేపనేల? ఒకటిన్నర అడుగు చాలును. సగము వాలుబాట ఖర్చు అక్కడనే మిగులును. ఎత్తైన అరుగు ఊరికి హోదా యని తలచు పెద్దలు ఇంకను ఉన్నారు, వారితో వాదించుటయే కష్టము.

ఇది దయాధర్మముల విషయమని కొందరు తలచుచున్నారు. కాదు. పంచాయతీలకు అధికారములను ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో వికలాంగుల సంక్షేమము 26వ అంశమున పేర్కొనబడియున్నది. 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. అందు 21 విధములైన వైకల్యములు చెప్పబడినవి. ప్రజలు వచ్చిపోవు పాత భవనములను సైతము ఐదు సంవత్సరములలో సరిచేయవలెనని ఆ చట్టము విధించెను. నియమములు 2017లో ప్రకటింపబడినవి గనుక ఆ గడువు 2022లోనే తీరిపోయినది. ప్రమాణములు కేవలము సలహాలుగా ఉండరాదనియు, తప్పనిసరిగా పాటింపదగిన నియమములు కావలెననియు 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. 2011 జనాభా లెక్కలలో దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది, అందు 1 కోటి 86 లక్షలు పల్లెలలోనివారే. కాబట్టి ఇది పట్టణముల గొడవయని మనము తప్పించుకొనజాలము.

ఇక సాధనముల సంగతి. సాధనము మనిషి బ్రతుకునకు సరిపోవలెను. జైపూరు పాదము కథ మీలో కొందరు వినియుందురు. అంతకు ముందు దొరకు కొయ్యకాళ్ళకు పాదము బిరుసుగా ఉండి బూటు తొడిగిననే పనికివచ్చెడిది. మన రైతు బూటు వేసికొని మడిలో దిగునా? నేలమీద కూర్చుండి భోజనము చేయువాడు, గట్టుమీద వట్టికాళ్ళతో నడచువాడు ఆ కాలును తెచ్చి మూలన పడవేసెడివాడు. జైపూరులో రామచంద్ర శర్మ అను పనివాడును, డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీయు కలిసి 1968 ప్రాంతమున రబ్బరుతో మనిషి పాదమువలెనే ఉండు పాదమును చేసిరి. అది వంగును, నీటిలో చెడదు, చెప్పు లేకయే నడువవచ్చును, గొంతుకూర్చుండవచ్చును. శర్మగారు పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపనియందు ఆరితేరినవారు. 1981లో సేథీగారికి మెగసెసే బహుమానము వచ్చినది. పనివాని పేరు చాలమందికి తెలియకపోవుట నాకు ఎప్పుడును కొరతగానే తోచును.

మూడు చక్రముల బండ్లు, చక్రాల కుర్చీలు, చంకకర్రలు, వినికిడి యంత్రములు కాన్పూరులోని అలింకో అను కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేయుచున్నది. కేంద్రము నడుపు ‘ఆడిప్’ పథకము క్రింద ఆదాయ పరిమితినిబట్టి శిబిరములలో వీనిని ఇత్తురు. సదరం ధ్రువపత్రము, 40 శాతమునకు తగ్గని వైకల్యము కావలెనని మీకు తెలియును. శిబిరమున మనిషిని కొలచి ఇచ్చిన సాధనమే తీసికొనవలెను. వెడల్పైన కుర్చీలో సన్నని బిడ్డను కూర్చుండబెట్టినచో నడుము ఒరగును, స్పర్శ లేనివారికి పుండ్లు పడును. మరియు ఇచ్చిననాడు తీసిన ఫొటోతో పని తీరదు. బండి గొలుసు తెగును, ట్యూబు పంచరగును. మీ ఊరి సైకిలు షాపువాడు ఈ మరమ్మతులను చేయగలడు. ఆ కూలిని పంచాయతీ భరించుటకు ఒక తీర్మానము చాలును. వానలో తుప్పుపట్టి గడ్డివామి ప్రక్కన పడియున్న బండ్లను నేను చాల ఊళ్ళలో చూచితిని. వానిలో అనేకము ఒక టైరు కొరకే ఆగిపోయినవి.

బండి బాగున్నను బాట బాగుండవలెను. మనము సిమెంటు రోడ్డు వేసి రెండు అంచులను మట్టితో పూడ్చక విడిచెదము. అంచు అరడుగు ఎత్తు నిలుచును, చక్రము దిగినచో మరల ఎక్కదు. ఇంటికిని రోడ్డుకును నడుమ మురుగుకాలువ తెరచియుండును. ఆ ఇంట వికలాంగుడున్నచో ఒక రాతిపలక పరచుట ఎంత పని? చేతిపంపు చుట్టును కట్టిన గట్టులో ఒకచోట దారి విడువుడు. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరచుకొనునట్లు పెట్టించుడు, గోడకు పట్టుకొను కమ్మి బిగింపుడు. మెట్ల అంచులకు పసుపు రంగు పూసినచో చూపు మందగించినవారికే కాక మన ముసలివారికిని మేలు.

చూపులేనివారి విషయమున క్రొత్తది ఒకటి చెప్పెదను. ఇప్పటి ఫోనులు తెరమీది తెలుగు అక్షరములను పైకి చదివి వినిపింపగలవు. చూపులేని యువకులు అనేకులు దానితోనే చదువులు సాగించుచున్నారు. మనవారు గ్రామసభ నోటీసును కాగితముమీద వ్రాసి, ఫొటో తీసి పంపెదరు. ఆ ఫోను తరచు ‘చిత్రము’ అని మాత్రము పలికి ఊరకుండును. అదే నోటీసును అక్షరములుగా టైపు చేయించి పంపినచో తేదీ, వేళ, విషయము అన్నియు చెప్పును. దీనికి ఒక్క పైసాయైన ఖర్చు లేదు. చెవిటివారికి ఇది చాలదు. సభలో చర్చించు విషయములను నల్లబల్లమీద పెద్ద అక్షరములతో వ్రాయవలెను, మాటాడువారు వారివైపు ముఖము త్రిప్పి మాటాడవలెను. సైగభాష తెలిసినవారు ఊరిలో ఉన్నచో ప్రక్కన కూర్చుండబెట్టుడు.

నా వాలుబాట ఏమైనదని మీరు అడుగవచ్చును. నేను బదిలీ కాకమునుపే సర్పంచిగారిని ఒప్పించి దానిని పగులగొట్టించితిని. రెండు మారులు ఖర్చయినదని ఆక్షేపణ వచ్చినది, సంజాయిషీ వ్రాసికొంటిని. మలుపు త్రిప్పి ముప్పదియారు అడుగుల బాట వేయించితిమి. ఆ పై గ్రామసభకు ఆ రైతు ఎవరి సాయమును లేక పైకి వచ్చి ముందు వరుసలో బండి నిలుపుకొనెను. ఆనాటి తీర్మానములలో మూడవది ఆయన అడిగినదే: పశువుల నీటితొట్టికి పగిలిన గొట్టము మార్పించుట.