అంకెలలోని అర్ధసత్యము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. పెద్దచదువులు చదివినవాడను గాను. భారత భాగవతములను ఈ గ్రంథాలయపు బల్లకడనే, నిఘంటువును ప్రక్కన నుంచుకొని చదువుకొంటిని. అట్టి నన్ను ఈ శుభదినమున మాటలాడుమని కోరిన కార్యవర్గమువారికి వందనములు. నా వృత్తి అంకెలతోడిది గనుక వానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

2024 జూన్‌లో శాసనసభ ఎన్నికల ఫలితములు వచ్చిన మరునాడు మన పఠనమందిరములో ఇద్దరు మిత్రులు వాదమునకు దిగిరి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 175 స్థానములలో 11 మాత్రమే దక్కినవి గనుక ప్రజలు దానిని పూర్తిగా త్రోసివేసిరని ఒకరు చదివిన వ్యాసము. నూటికి 39 వోట్లు వచ్చినవి గనుక ప్రజలు దానిని విడువనే లేదని రెండవవారు చదివిన వ్యాసము. వాదము కలహమైనది. నాటినుండి ఒకరు ఉదయమున వచ్చుచున్నారు, ఒకరు సాయంకాలమున వచ్చుచున్నారు. చిత్రమేమనగా, ఆ రెండంకెలును నిజములే!

నేను పాత లెక్కలు తీసి చూచితిని. 2019లో తెలుగుదేశమునకు వచ్చినవియు నూటికి 39 వోట్లే, స్థానములు 23. 1955లో ఆంధ్రరాష్ట్ర ఎన్నికలలో కాంగ్రెసునకు వచ్చినవియు నూటికి 39. స్థానములు 196లో 119! ఒకే అంకె ఒకమారు గద్దె నెక్కించినది, రెండుమారులు దింపినది.

1955 నాటి ఎన్నిక మన కృష్ణాతీరమున పెద్దలు కథలుగా చెప్పుకొన్నది. విజయవాడ విశాలాంధ్ర కమ్యూనిస్టుల పక్షమునను, నార్ల వెంకటేశ్వరరావుగారు సంపాదకులుగా నున్న ఆంధ్రప్రభ వారికి ఎదురుగను నిలిచినవి. కమ్యూనిస్టులకు 1952లో ఆంధ్రజిల్లాలలో 41 స్థానములు వచ్చెను. 1955లో 15 వచ్చెను. వోట్లు మాత్రము పెరిగి నూటికి 31 అయ్యెను. ఈ ఒక్క ఫలితమునుండి వారు కూలిరని ఒక వ్యాసమును, పెరిగిరని మరియొక వ్యాసమును వ్రాయవచ్చును. దేనిలోను అబద్ధపు అంకె యుండదు. అసలు సంగతియు ఉండదు. 1952లో చీలియున్న ప్రత్యర్థులు 1955లో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీగా జతగూడి స్థానములు పంచుకొని నిలిచిరి. కాంగ్రెసువారి 39లో మిత్రుల వోట్లు చేరలేదు.

కాలువకు ఎంత నీరు వచ్చినదని గాక, తన చేనికి ఎంత ఎక్కినదని రైతు చూచును. వోట్లును అట్టివే. ఊరూర రెండవవాడై నిలిచినవానికి వోట్లు మిగులును గాని స్థానములు మిగులవు.

తిక్కనగారి ద్రోణపర్వములో ధర్మరాజు అశ్వత్థామ మరణించెనని గట్టిగా పలికి, ఏనుగు అను మాటను మెల్లగా పలికెను. ద్రోణుడు మొదటిమాటనే విని అస్త్రసన్న్యాసము చేసెను. పక్షముగట్టిన వ్యాసకర్తయు శాతమును గట్టిగా చెప్పి, అది దేనిలో శాతమో మెల్లగా చెప్పును. ఒక్కొక్కప్పుడు చెప్పనే చెప్పడు.

పరులను మాత్రమే అనుట న్యాయము గాదు. కొన్నియేండ్ల క్రిందట మన వార్షిక నివేదికలో "స్త్రీ పాఠకుల సంఖ్య రెట్టింపైనది" అని వ్రాసినవాడను నేనే. సభవారు చప్పట్లు కొట్టిరి. నిజమునకు నలుగురు ఎనమండుగురైరి, అంతే. ఆ మాటతో తృప్తిపడి, స్త్రీలకొరకు మధ్యాహ్నవేళ మందిరము తెరువవలెనన్న ఆలోచనను వాయిదా వేసితిమి. మూడేండ్ల పిదప ఒక ముసలమ్మగారు "రెట్టింపంటే ఎందరు నాయనా?" అని అడిగిరి. నాకు తల యెత్త సిగ్గైనది. మరుసటి నెలలో తలుపులు తెరచితిమి. నా వాక్యము అబద్ధము గాదు; కాని దానివలన మూడేండ్లపాటు కొందరు తల్లులకు పుస్తకము అందలేదు.

కావున వ్యాసములో అంకె కనబడినప్పుడెల్ల ఆ ముసలమ్మగారివలె అడుగుడు: ఎందరిలో? దేనితో పోల్చి? చెప్పక విడిచినదేది? మనకు నచ్చిన అంకెను మరింత గట్టిగా అడుగుడు. మోసపోవుట అక్కడనే సులువు.

ఆ మిత్రులిరువురును ఈ సభలోనే యున్నారు. నా లెక్క సరిపోయినచో, రేపు ఒకే బల్లకడ కూర్చుండి, ఒకరి పత్రిక నొకరు మార్చుకొని చదువుదురు గాక!

స్వస్తి.