అక్షరములు అవియే, మాటలు వేరు

ఇంగ్లీషు భాషలో ఒక వినోదము కలదు. ఒక మాటలోని అక్షరములలో ఒక్కటియు విడువక, క్రొత్తది ఒక్కటియు చేర్పక, వానినే తారుమారు చేసి మరియొక మాటను కల్పించుటయే ఆ వినోదము. 'లిసన్' అనగా వినుట. 'సైలెంట్' అనగా నిశ్శబ్దము. రెండింటను ఎల్, ఐ, ఎస్, టి, ఇ, ఎన్ అను ఆరక్షరములే ఉన్నవి. మాట పెరిగినకొలది ఇట్టి జత దొరకుట అరుదు. దొరకినపుడు రుచి మెండు. సంభాషణమును 'కాన్వర్సేషన్' అందురు; సంరక్షణమును 'కన్సర్వేషన్' అందురు. పండ్రెండేసి అక్షరముల ఈ రెండు మాటలకును సరకు ఒక్కటియే. చలనచిత్రముల ఛాయాగ్రాహకుడు 'సినిమటోగ్రాఫర్'. పండ్లు తిను పెద్ద గబ్బిలముల జాతిలోనిది 'మెగాకైరాప్టరన్'. పదునైదేసి అక్షరములు, ఒకదానిని విడదీసి రెండవదానిని కూర్పవచ్చును. ఛాయాగ్రాహకులు మన్నింతురుగాక!

అయితే ఈ మాటలను చెవితో మాత్రమే విన్నవారికి వీని చుట్టరికము తోచదు. 'లిసన్' అను మాటలో 'టి' వ్రాతయందు కలదు, నోటియందు లేదు. కావున ఆ వినోదము కంటికి సంబంధించినది. కాగితము లేనిదే సాగదు. మన తెలుగులోను అక్షరముల ఆట కలదు. కాని అది చెవికి సంబంధించినది. ఈ భేదము ఎచ్చటనుండి వచ్చినదో విచారింతము.

మొదట ఇంటిలోని మాటలనే తీసికొందము. 'కలప'ను తిరుగవేసినచో 'పలక' అగును. 'గడప'ను తిరుగవేసినచో 'పడగ' విప్పును. 'పడక'పై పరుండినవాడు వెనుకకు చదివినచో 'కడప' చేరును. చేతనున్న 'నవల'లోని అక్షరములను మార్చినచో 'వలన' వచ్చును. ఇంకను పెద్ద మాట కావలెనన్నచో, మంచి గంధమునకు 'మలయజము' అని పేరు కదా. ఆ అయిదక్షరములే 'జలమయము'నందును ఉన్నవి. ఇందు ఒక్కదానికిని కాగితము అక్కరలేదు. ఇంకను ఓనమాలు దిద్దని బిడ్డయు విని పోల్చుకొనగలడు.

ఇక చిక్కు చూడుడు. 'మానవ', 'వామన' అను మాటలు ఒకే అక్షరములతో ఏర్పడినవా? మొదటిదానిలో మా, న, వ; రెండవదానిలో వా, మ, న. దీర్ఘము 'మ'ను విడిచి 'వ'ను పట్టినది. కనుక అక్షరములు వేరనవలెను. కాని హల్లులను, అచ్చులను విడదీసి లెక్కించినచో రెండింటను మ, న, వ అను మూడు హల్లులు, ఒక ఆకారము, రెండు అకారములు; తేడా లేదు. ఏనుగునకు పేరైన 'వారణ'మును, లంకాధిపతియైన 'రావణు'డును ఇట్లే చుట్టములు. ఇంగ్లీషు అక్షరము ఒంటరిది, ఎచ్చటికైనను పోగలదు. మన అక్షరము గుణింతముతో, ఒత్తుతో సంసారము చేయునది. కదలినపుడు అన్నింటిని వెంటగొని కదలును.

ఈ రెండు లెక్కలును మన కవులకు తెలియనివి కావు. గణములు లెక్కించునపుడు 'లక్ష్మి' రెండక్షరములే. ప్రాసము చూచునపుడు మాత్రము పాదమున రెండవ యక్షరమందలి హల్లే కుదురవలెను. దానిపై అచ్చు ఏదైనను దోషము లేదు. ఒకే పద్యమునందు అక్షరమును నిండుగా ఒకమారు, విడదీసి ఒకమారు చూచు అలవాటు మనది.

అక్షరములపై ఇట్టి శ్రద్ధ మన ఓరుగంటికిని క్రొత్త కాదు. 1323లో రాజ్యము పతనమగువరకు ఏలిన ప్రతాపరుద్రుని ఆస్థానమున విద్యానాథుడు సంస్కృతమున ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును రచించెను. అందు ఉదాహరణములన్నియు ఆ రాజుపైననే. శబ్దాలంకారములలో పద్మాది బంధములుగల చిత్రమును గూడ అతడు నిరూపించెను. పద్మబంధమున నడిబొడ్డునందలి అక్షరము ఒక్కటియే. అయినను రేకు రేకునకు మరల మరల చదువబడి, పెక్కు మాటలకు ఉమ్మడి సొత్తగును.

తరువాత 16వ శతాబ్దమున తెలంగాణమునకు చెందిన మరింగంటి సింగరాచార్యులు రామకథను నిరోష్ఠ్యముగా రచించిరి. పెదవులు కలిసి పలుకు ప, ఫ, బ, భ, మ మొదలైనవి అందు రాగూడదు. పెదవులు కలుపక 'రామ' అని పలుకజూడుడు, పలుకలేరు. నాయకుని పేరే నిషిద్ధమైనపుడు కవి ఏమి చేయవలెను? కావ్యమునకు 'దశరథరాజనందన చరిత్ర' అని పేరిడిరి. దశరథరాజనందన! తొమ్మిది అక్షరములు పలికినను పెదవి పెదవిని తాకదు. విధించిన అక్షరములతోనే పొడవైన మాట కట్టుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు తోచదు. ఈ నియమమును పరీక్షించునది కన్ను కాదు, నోరు.

ఇది పాత ముచ్చట అని త్రోసివేయరాదు. పత్రికలలోని గడినుడిలో ఒక్కొక్క గడికి గుణింతముతో, ఒత్తుతో కూడిన నిండు అక్షరమునే నింపుదుము. కాని కంప్యూటరు లెక్క వేరు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు చోటు కలిగినది. ఆ పద్ధతిలో 'లక్ష్మి' అను మాట ఏడు సంకేతములు: మూడు హల్లులు కాక మొదటి 'ల', రెండు పొల్లులు, ఒక గుడి. ఛందస్సున రెండు, అచ్చులు హల్లులు విడదీసిన ఆరు, యంత్రమున ఏడు! ఈ భేదమెరుగక వ్రాసిన ప్రోగ్రాము 'కవి'ని తిరుగవేసినపుడు గుడి తన హల్లును విడిచి దిక్కులేనిదగును. మనకు అక్షరమనగా ఏమో మనము చెప్పనిచో, యంత్రము తనకు తోచినట్లు చెప్పును. పిల్లలకు ఈ ఆట నేర్పుటలోని ప్రయోజనము అదియే. వ్యాకరణమున భారముగా తోచు వర్ణవిభాగము ఆటలో అలవోకగా పట్టుబడును.

కావున ఈ రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు ఆడుటకు అయిదక్షరములిచ్చుచున్నాను: స, ము, య, ర, మ. ఒక మాటలో ఏ అక్షరమును రెండుమారులు వాడరాదు. 'రసము', 'సరము' సులభముగా వచ్చును. 'సమయము', 'సమరము' కొంచెము ఆలోచించిన వచ్చును. అయిదింటిని కలుపుకొను మాట ఒకటి కలదు. దానిని చెప్పను, మంచి కావ్యమును మెచ్చుకొనునపుడు మీరు వాడు మాటయే అది.